పెంకుటింటి రంగు ఫ్లాటులోకి వస్తే

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తులో రెండు పడకగదుల సొంత ఫ్లాటు. తొమ్మిదేళ్ల తర్వాత ఈ దసరాకి మళ్లీ రంగులు వేయిద్దామనుకుంటున్నాం. నాకు టెర్రకోట రంగంటే చాలా ఇష్టం. హాలు 11 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు. ఉత్తరాన బాల్కనీ ఉంది కానీ ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ లేచింది. సోఫా వెనక ఉన్న పొడవాటి పడమటి గోడకు వేద్దామని చిన్న డబ్బా తెచ్చి, ఇప్పుడున్న పిస్తా గ్రీన్ మీదే ఒకచోట పూసి చూశాను. పగలు నిప్పులా మండుతోంది, రాత్రి లైటేస్తే గోధుమరంగు మరకలా ఉంది. ఫోనులో చూసిన ఫోటోకి, దీనికి పోలికే లేదు. మావారు ‘హాలు గుహ అయిపోతుంది’ అంటారు. అత్తయ్యగారు ‘పెంకుటింటి రంగు గోడలకా?’ అని నవ్వుతున్నారు. పెయింటరేమో ‘ఐవరీ వేయించుకోండి మేడం, టెన్షన్ ఉండదు’ అంటాడు. ఆ గోడ వెనక బాత్రూం ఉంది, కింద ఒక మూల అప్పుడప్పుడు పొక్కుతుంటుంది. పిల్లల గదికీ, పడమర కిటికీ ఉన్న మా పడకగదికీ కూడా ఇదే రంగు వేయాలని ఉంది. వేయమంటారా, మానమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: వేయించండమ్మా. కాకపోతే గోడ మార్చండి, లైట్లు మార్చండి. పడకగది విషయంలో మాత్రం కాస్త తగ్గండి.

ముందు మీరు పూసి చూసిన ఆ మచ్చ సంగతి. పగలు అది నిప్పులా మండింది దాని తప్పు వల్ల కాదు, చుట్టూ ఉన్న పిస్తా గ్రీన్ వల్ల. చేలో పచ్చటి ఆకుల మధ్య పండుమిర్చి ఎంత ఎర్రగా కనబడుతుందో, అదే మిర్చి కళ్లంలో రాశి పోస్తే అంత ఎర్రగా అనిపించదు. ఆకుపచ్చ పక్కనుంటే ఎరుపు రెచ్చిపోతుంది, కన్ను చేసే పని అది. ఇంకో సంగతి, ఎమల్షన్ పచ్చిగా ఉన్నప్పుడు కొంచెం లేతగా ఉండి, ఆరాక ముదురుతుంది. పూసిన పది నిమిషాలకు చూసి తేల్చుకుంటే ఎవరైనా మోసపోతారు.

రాత్రి గోధుమరంగు మరకలా కనిపించడానికి కారణం మీ హాల్లో లైట్లు. అవేమిటో మీరు రాయలేదు గానీ, ఊహించగలను. తెల్లగా, కొంచెం నీలంగా వెలిగేదే మంచి లైటు అన్న నమ్మకం మనకు ట్యూబ్‌లైట్ల రోజుల నుంచి వచ్చింది. ఇప్పటికీ షాపులో ‘లైటివ్వండి’ అంటే చేతిలో పెట్టేది 6500 కెల్విన్ బల్బే. కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు పోతుంది. ఆ వెలుగులో నీలం పాలెక్కువ, ఎరుపు తక్కువ. గోడ మీది ఎర్రమట్టి రంగుకు తిప్పి చూపించడానికి అందులో సరుకే ఉండదు, అందుకని బురద రంగులోకి దిగిపోతుంది.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. చాలా ఏళ్ల కిందట మా ఇంట్లో భోజనాల బల్ల వెనక గోడకు ఇదే రంగు వేయించాను. రాత్రి ట్యూబ్‌లైటు వేసేసరికి గోడంతా ఎండిపోయిన గోరింటాకులా తయారైంది. షాపువాడు రంగు తప్పు కలిపాడని ఫోను చేసి కేకలేశాను. పాపం, మర్నాడు వచ్చి రంగుల షేడ్ కార్డు పక్కన పెట్టి చూపించాడు, తేడా లేదు. రెండు రోజుల తర్వాత రాత్రి కరెంటు పోయింది. దేవుడి దగ్గర దీపం తెచ్చి బల్ల మీద పెట్టాం. నేను డబ్బు పెట్టి కొన్న రంగు అప్పుడు కనిపించింది! గోడ జోలికి పోకుండా బల్బులు మార్చాను.

మీరూ ఆ పనే ముందు చేయండి. హాల్లో 3000 కెల్విన్ బల్బులు పెట్టండి, పెట్టె మీద ‘వార్మ్ వైట్’ అని ఉంటుంది. చదువుకునే చోట అది మరీ పసుపుగా అనిపిస్తే 4000 వాడుకోవచ్చు. అదే పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె కూడా వెతకండి. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే లెక్క అది. మామూలుగా 80 ఉంటుంది, 90 దొరికితే కొంచెం ధర పెట్టి తీసుకోండి. ఎరుపు కుటుంబం రంగులకే ఈ తేడా ఎక్కువ తెలుస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లో దాచిన స్ట్రిప్ లైట్లు ఉంటే అవి కూడా మార్చాలి. ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా వెలిగితే ఒకే గోడ రెండు ముక్కలుగా కనబడుతుంది.

రంగును మళ్లీ పరీక్షించాలి, ఈసారి గోడ మీద వద్దు. స్టేషనరీ షాపులో పెద్ద తెల్ల డ్రాయింగ్ షీట్లు రెండు మూడు తెచ్చి, చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలి, రెండు కోట్లు వేసి ఒక రాత్రి ఆరనివ్వండి. తర్వాత గోడకు అతికించి పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి, రాత్రి లైట్లేశాక చూడండి. సోఫా పక్కన ఒకసారి, తలుపు పక్కన ఒకసారి. రోజూ సాయంత్రమే మీరంతా హాల్లో కూర్చునేట్టయితే, ఆ వేళ బాగున్నదే మీ రంగు. మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉందో ఎవరూ ఇంట్లో లేనప్పుడు పట్టించుకోనక్కర్లేదు.

ఏ టెర్రకోట అన్నది తర్వాతి ప్రశ్న. ఇటాలియన్‌లో ఆ మాటకు కాల్చిన మట్టి అని అర్థం. మట్టిలో ఉన్న ఇనుము గాలి బాగా ఆడే ఆవంలో కాలితే ఎర్రబడుతుంది. అదే మట్టి పొగలో, గాలాడకుండా కాలితే నల్లగా వస్తుంది. పెయింటు డబ్బాలో కలిపే రంగుపొడి కూడా చాలావరకు ఆ ఇనుపతుప్పు జాతిదే, రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్. అందుకే ఈ రంగు ఎండకు అంత తొందరగా వెలిసిపోదు. కొన్ని మెరుపు ఎరుపులు నాలుగేళ్లకే పాలిపోవడం చూస్తాం, దీనికి ఆ భయం తక్కువ.

కార్డులో మాత్రం ‘టెర్రకోట’ పేరుతో పది రకాలుంటాయి. నేను వాటిని మూడిళ్లుగా విడదీసుకుంటాను. కొత్త పూలకుండీ రంగు నారింజ వైపు మొగ్గుతుంది. నాలుగు వానలు చూసిన బంగళాపెంకు గోధుమ వైపు. మూడోది గులాబీ వైపు, ఎర్ర ఇటుక మీద సున్నం చేత్తో రుద్దినట్టుండే లేత రంగు. మీ హాలుకు వచ్చేది ఉత్తరపు వెలుతురు, అదీ ఎదుటి భవనం గోడకు తగిలి వచ్చేది. ఉత్తరపు వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుంది గానీ చల్లగా, నీలంగా ఉంటుంది. మే నుంచి జూలై దాకా మధ్యాహ్నపు సూర్యుడు హైదరాబాద్‌కు కొంచెం ఉత్తరంగా నడుస్తాడు కాబట్టి ఆ రోజుల్లో ఏదో కాస్త ఎండ తొంగిచూస్తుందేమో. మిగిలిన ఏడాదంతా చల్లటి వెలుతురే. అందులో గోధుమ టెర్రకోట చచ్చిపోతుంది, గులాబీది వంగపండు ఛాయలోకి పోతుంది. కొత్త పూలకుండీ రంగే తీసుకోండి. కార్డు మీద మీకు నచ్చిన దానికంటే ఒక మెట్టు లేతది ఎంచుకోండి. చిన్న చీటీ మీద రంగు గోడంత అయ్యేసరికి ఇంకా గట్టిగా కనిపిస్తుంది.

మీవారి భయం ఉత్తినే కొట్టిపారేయాల్సింది కాదు. గోడ తన మీద పడిన వెలుతురులో ఎంత తిప్పి పంపుతుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్‌ఆర్‌వీ అంటారు, కొన్ని కంపెనీలు షేడు వెనక ముద్రిస్తాయి. మంచి తెలుపుకు అది 80 దాటుతుంది. మధ్యస్థం టెర్రకోటకు 20 నుంచి 30 మధ్య. అంటే నాలుగు గోడలకూ వేస్తే వచ్చిన వెలుతురులో ముప్పాతిక గోడలే మింగేస్తాయి. పైగా ఎదురెదురు ఎర్రగోడలు ఒకదాని రంగు ఇంకోదాని మీద చిమ్ముకుని మరింత చిక్కబడతాయి. మీరు ఫోనులో చూసిన ఫోటోలో గది మూడువైపులా పెద్ద కిటికీలున్న ఇల్లయి ఉంటుంది. మీ హాల్లో నాలుగు గోడలకు వేస్తే మీవారు చెప్పిన గుహే.

అందుకే ఒక్క గోడ. ఏ గోడ అంటే, బాల్కనీకి సూటిగా ఎదురుగా ఉన్న దక్షిణపు గోడ, 11 అడుగులది. లోపలికి వచ్చే వెలుతురు నేరుగా పడేది దాని మీదే. పక్కగోడలు రెండూ మీగడ తెలుపులో ఉంటే వెలుతురును అటూ ఇటూ తిప్పుతూ చివరిదాకా చేరవేస్తాయి. 17 అడుగుల పొడవు గది కదా, ఆ చివర ముదురు రంగుంటే గోడ కాస్త దగ్గరికి జరిగినట్టై రైలుపెట్టెలాంటి హాలు కుదురుగా కనబడుతుంది. ఆ గోడకు టీవీ ఉన్నా నష్టం లేదు. తెల్లగోడ మీద నల్లటి పలకలా కొట్టొచ్చినట్టుండే టీవీ ఈ రంగులో కొంచెం కలిసిపోతుంది.

మీరనుకున్న పడమటి గోడ వద్దనడానికి అసలు కారణం ఆ పొక్కే మూల. బాత్రూం తడి గోడలోంచి వస్తూ సిమెంటులోని ఉప్పును మోసుకొస్తుంది. తడి ఆరాక ఉప్పు తెల్లటి పొడిలా పైకి తేలి రంగును లేపేస్తుంది. ఐవరీ మీద ఆ తెలుపు ఎవరికీ కనబడదు, టెర్రకోట మీద బూజు పట్టిన ఊరగాయలా కనిపిస్తుంది. చాలామంది చేసే పని, పొక్కిన చోట గీకి లప్పం పెట్టి పైన రంగు కొట్టేయడం. ఒక వర్షాకాలం గడిస్తే మళ్లీ అదే కథ. ముందు బాత్రూం లోపల టైల్స్ సందులు, పైపు అతుకులు చూపించండి. లీకు ఆగాక, పాడైన ప్లాస్టరింగ్ కొట్టించి కొత్తది చేయిస్తే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. రంగు ఏదైనా ఈ పని తప్పదు.

ఇక అత్తయ్యగారి మాట. ఆవిడ నవ్వారని మీరు నొచ్చుకున్నట్టున్నారు గానీ, మీ ఇంట్లో ఈ రంగు గురించి అందరికంటే తెలిసి మాట్లాడింది ఆవిడే. పెంకుటింట్లో ఎరుపు ఎక్కడుండేది? పైన పెంకు, కింద ఎర్ర గచ్చు. మధ్యలో కంటికి ఎదురుగా ఉండే గోడకు సున్నమే. తెలంగాణ పల్లెల్లో అరుగులకు, గోడ అడుగున బెత్తెడో మూరెడో జాజు, అంటే ఎర్రమట్టి, పూసేవాళ్లు, ఆ జాజు మీద తెల్లటి ముగ్గు గీత. అంటే ఎరుపును ఎప్పుడూ పట్టీలా, అంచులా వాడుకున్నారు, చీరకు అంచులాగ. పక్కన తెలుపు లేకుండా దాన్ని వదల్లేదు. ఒక్క గోడకు టెర్రకోట, మూడింటికి మీగడ తెలుపు అంటే ఆ పాత లెక్కే కదా! ఆవిణ్నే కూర్చోబెట్టి ఆ డ్రాయింగ్ షీట్లు చూపించి, వాళ్ల ఊళ్లో పెంకు రంగుకు ఏది దగ్గరగా ఉందో అడగండి. నాకు తెలిసి సరైనదే తీస్తారు.

పిల్లల గదికి ఆ జాజు పట్టీ ఆలోచనే పనికొస్తుంది. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు టెర్రకోట, పైన మీగడ తెలుపు. బ్యాగులు, బంతులు, బూట్లు తగిలేదంతా ఆ మూడడుగుల్లోనే. కానీ అక్కడ మెరుపు లేని మ్యాట్ ఫినిష్ వద్దు. ముదురు మ్యాట్ మీద చేయి రాసుకున్న చోటల్లా తెల్లగానో, మెరుపుగానో చారలు పడతాయి, తుడిస్తే ఇంకా పెరుగుతాయి. సాటిన్‌లాంటి, కొద్దిగా మెరిసే, తడిగుడ్డతో తుడవగలిగేది అడగండి. హాలు గోడకు మాత్రం మ్యాటే అందం, ఈ రంగు మెరిస్తే మట్టి అన్న సంగతే మర్చిపోతాం. టెక్స్చర్ వేయిస్తామని పెయింటర్ మొదలుపెడితే దయచేసి ఆపండి. మన దుమ్ముకు ఆ గరుకు గాడులన్నీ ఆర్నెల్లలో నిండిపోతాయి.

మీ పడకగది. పడమర కిటికీ అన్నారు. సాయంత్రపు ఎండ అసలే నారింజ రంగులో ఉంటుంది, టెర్రకోట మీద పడితే గోడ రాజుకున్నట్టే ఉంటుంది. లోపలి గోడ రంగు వల్ల గదిలో వేడి పెరగదు, ఆ వేడి బయటి గోడలోంచి, కిటికీలోంచి వచ్చేది. అయినా మే నెల సాయంత్రం ఐదింటికి ఆఫీసు నుంచి వచ్చి ఆ గదిలో పడుకోవాలంటే మనసుకు ఉక్కపోస్తుంది. అంతగా కావాలంటే ఇందాక చెప్పిన మూడో రకం, సున్నం రుద్దిన ఇటుకలాంటి లేతది, మంచం తలవైపు గోడ ఒక్కదానికి వేయించుకోండి. నన్నడిగితే అదీ వద్దు, దుప్పట్లలో, దిండు గలీబుల్లో ఆ రంగు చూసుకుంటే చాలు.

పని మొదలయ్యాక రెండు మూడు చోట్ల పెయింటర్ పక్కన నిలబడాలి. లప్పం అయ్యాక గరుకు కాగితం పట్టించి, చీకటి పడ్డాక గోడకు పక్కగా టార్చి పెట్టి చూడండి. గుంటలూ గడ్డలూ అన్నీ నీడలతో సహా బయటపడతాయి, ముదురు రంగు వాటిని దాచదు. ఆ మీద ప్రైమర్, తర్వాత రంగు. ఈ షేడ్లు తెల్లటి పెయింటులో కాకుండా ముదురు రంగులకని వేరే ఉండే బేస్‌లో కలుపుతారు కాబట్టి రెండు కోట్లకు ఒక్కోసారి కప్పదు, మూడో కోటుకు సిద్ధంగా ఉండండి. మీ గోడ 11 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర అనుకుంటే సుమారు 105 చదరపు అడుగులు. మూడు కోట్లకు ఒకటిన్నర లీటరు దాకా పడుతుంది. రెండు లీటర్లు ఒకేసారి కలిపించండి, తర్వాత కలిపిన డబ్బా కొంచెం తేడాగా వచ్చే అవకాశం ఉంది. గోడ మొదలుపెడితే మధ్యలో టీకి వెళ్లకుండా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క బిగిన లాగించమనండి. ఆగిన చోట అతుకు కనబడుతుంది.

మిగతా గోడల తెలుపు విషయంలో పొరపాటు చేయకండి. పెయింటర్ చెప్పిన ఐవరీ అక్కడికి చక్కగా సరిపోతుంది, ఆ మేరకు ఆయన మాటా చెల్లింది. మెరిసే పచ్చి తెలుపు వేస్తే ఎర్రగోడ అంచు కత్తితో కోసినట్టుంటుంది.

సామాన్ల గురించి పెద్దగా చెప్పను, ఉన్నవాటితోనే చూసుకోండి. టేకు తలుపుకు నారింజ రంగు మెరుపు పాలిష్ ఉంటే మాత్రం ఈ గోడ పక్కన రెండూ కొట్టుకుంటాయి, దాన్ని కాస్త ముదురు, మెరుపు లేని పాలిష్‌కు మార్చించండి. నీలిమందు రంగు దీనికి ప్రాణస్నేహితుడు. పెడన కలంకారీలో నీలం, మీగడ రంగు కలిసిన బట్ట ఒకటి సోఫా దిండ్లకు కుట్టించండి. కర్టెన్లకు పలచటి తెల్ల నూలు. చేర్యాల బొమ్మ కొని ఆ గోడకు తగిలిద్దామనుకుంటారేమో, అది ఐవరీ గోడకు పెట్టండి. చేర్యాల బొమ్మల వెనక నేపథ్యమే ఎరుపు, ఎర్రగోడ మీద బొమ్మ మాయమైపోతుంది. టెర్రకోట గోడకు ఇత్తడి గానీ, తెలుపూ నలుపూ బొమ్మ గానీ ఒకటి చాలు. ఆ గోడ ముందు మట్టికుండీలు బారుగా పెట్టడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. నాకైతే నర్సరీకి వెళ్లినట్టుంటుంది.

దసరాకి పూర్తవుతుందా అంటే, హాలు, పిల్లల గది వరకు అవుతుంది. వానలు ఆగి నాలుగు రోజులు పొడి గాలి తగిలాకే మొదలుపెట్టండి, ముసురులో లప్పమూ రంగూ నెమ్మదిగా ఆరతాయి. పడమటి గోడ మరమ్మతు అప్పటికి ఆరదు, దాన్ని వదిలేసి సోఫాను అడ్డంగా జరుపుకుని పండగ చేసుకోండి, సంక్రాంతి లోపు ఐవరీ కొట్టించవచ్చు. మిగిలిన అర లీటరు టెర్రకోట పారేయకండి. చిన్న డబ్బాలోకి వంచి మూత బిగించి, షేడ్ నంబరు, బేస్, ఫినిష్, కలిపించిన తేదీ డబ్బా మీద రాసి అటక మీద పెట్టండి. పిల్లల గదిలో వేసింది వేరే ఫినిష్ కాబట్టి దాని డబ్బా వేరు, రెండూ కలిపేయకుండా చూడండి.